పిన్ నంబరు రైతు దగ్గరే ఉండాలి

వెనకట పంట డబ్బులు చేతికొస్తే రైతు రుమాలులో ముడేసుకొని, నడుముకు కట్టుకొని ఊరు చేరేవాడు. ఇంట్లో పెట్టెలో పెట్టి తాళం వేస్తే తాళంచెవి ఇల్లాలి కొంగుకు ఉండేది. చెవి ఎవరి దగ్గర ఉందన్నది ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. ఇప్పుడు వడ్ల డబ్బులైనా, పత్తి డబ్బులైనా, సర్కారు ఇచ్చే సాయమైనా నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతున్నాయి. పెట్టె మారింది, తాళమూ మారింది. నాలుగు లేదా ఆరు అంకెల పిన్ నంబరు, కొన్నిచోట్ల పాస్‌వర్డ్, ఇవే ఇప్పటి తాళంచెవులు.

చాలా ఇళ్లలో ఈ తాళంచెవి సొమ్ము గల రైతు దగ్గర ఉండడం లేదు. ఫోను అమ్మిన దుకాణంలో పిల్లవాడికి తెలుసు, డబ్బులు తీసిచ్చే సెంటరు అతనికి తెలుసు, పక్కింటి చదువుకున్న అబ్బాయికి తెలుసు. ఖాతా గల మనిషికి మాత్రం గుర్తుండదు. గట్టి నంబరు పెట్టుకోవడం ఎంత అవసరమో, అది ఎవరెవరి చేతుల్లో ఉందో తెలిసి ఉండడం అంతకన్నా అవసరం. ఈ రెండు సంగతులనూ వివరంగా చూద్దాం.

ఒక్క ఇంటికి ఎన్ని తాళాలు?

సంగారెడ్డి మండలంలోని ఇస్మాయిల్‌ఖాన్‌పేట వంటి నక్కవాగు పక్క ఊళ్లనే తీసుకోండి. ఇక్కడ సేద్యం, పటాన్‌చెరు, పాశమైలారం వైపు ఫ్యాక్టరీ పని ఒకే ఇంట్లో కలిసి నడుస్తుంటాయి. తండ్రి రెండెకరాలు చేసుకుంటే కొడుకు షిఫ్టు డ్యూటీకి పోతాడు. అలాంటి ఇంట్లో ఎన్ని తాళాలు ఉంటాయో వేళ్ల మీద లెక్కబెట్టి చూడండి.

తండ్రి ఏటీఎం కార్డు పిన్ ఒకటి. ఫోనులో డబ్బులు పంపే యూపీఐ పిన్ ఒకటి. ఫోను తెరిచే నంబరు ఒకటి. ఫోనులో ఉన్న జీమెయిల్‌కు పాస్‌వర్డ్ ఒకటి. ఏడాదికి రూ.6,000 మూడు విడతలుగా వచ్చే పీఎం కిసాన్‌కు ఈకేవైసీ చేయించాలంటే ఓటీపీ లేదా వేలిముద్ర లేదా ముఖం చూపడం కావాలి. 2025లో పత్తిని మద్దతు ధరకు సీసీఐకి అమ్ముకోవాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో స్లాటు బుక్ చేసుకోవాల్సి వచ్చింది. దానికీ ఫోనుకు వచ్చే ఓటీపీయే ఆధారం. భూముల పనికి 2020 అక్టోబరులో ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్ 14 నుంచి దాని స్థానంలో భూభారతి వచ్చింది. పోర్టల్‌లో అర్జీ పెట్టాలన్నా, స్లాటు తీసుకోవాలన్నా మళ్లీ ఫోను నంబరే. ఇక కొడుకు పీఎఫ్ డబ్బులు చూసుకోవడానికి యూఏఎన్ నంబరు, దానికో పాస్‌వర్డ్. ఇల్లాలి సంఘం ఖాతా, ఆమె ఏటీఎం కార్డు వేరే.

ఎంత తక్కువ లెక్కేసినా ఎనిమిది, పది తాళాలు తేలుతాయి. ఇవన్నీ ఎవరు గుర్తుపెట్టుకుంటారని అన్నింటికీ ఒకటే నంబరు పెట్టేవాళ్లు ఎక్కువ. బోరు మోటరు స్టార్టరు డబ్బాకు, ఇంటికి, బీరువాకు ఒకే తాళంచెవి పెట్టుకుంటే ఏమవుతుంది? స్టార్టరు డబ్బా చెవి దొరికినవాడికి బీరువా కూడా దొరుకుతుంది. ఇక్కడా అంతే.

1234 పెడితే తాళం వేయనట్టే

నాలుగంకెల పిన్ 0000 నుంచి 9999 దాకా పదివేల రకాలుగా ఉండొచ్చు. ఆరంకెలైతే పది లక్షల రకాలు. ఏటీఎంలో సాధారణంగా మూడుసార్లు తప్పు నొక్కితే ఆ రోజుకు కార్డు ఆగిపోతుంది. పదివేలలో మూడు అంటే దొంగకు దొరకడం కష్టమే అనిపిస్తుంది. కాని మనుషులు నంబర్లను ఎలా ఎంచుకుంటారో దొంగకు తెలుసు.

2012లో నిక్ బెర్రీ అనే ఆయన, ఇంటర్నెట్‌లో బయటపడిపోయిన పాస్‌వర్డుల నుంచి నాలుగంకెల నంబర్లు 34 లక్షలు తీసి లెక్కగట్టారు. అవి బ్యాంకు పిన్‌లు కావు గాని, మనిషి అలవాటు ఎక్కడైనా ఒకటే కదా. అందులో 1234 ఒక్కటే దాదాపు 11 శాతం ఉంది. తర్వాత 1111, ఆ తర్వాత 0000. ఈ మూడూ కలిపితే 18 శాతం దాటాయి. అంటే దొంగకున్న మూడు అవకాశాల్లో ఈ మూడే నొక్కినా వంద తాళాల్లో 18 తెరుచుకుంటాయన్నమాట.

కనుక ఈ కింది నంబర్లు పిన్‌గా పెట్టకూడదు:

1. 1234, 4321, 1111, 0000, 1212 వంటి వరుస నంబర్లు.
2. మీరు గాని, పిల్లలు గాని పుట్టిన సంవత్సరం, పెళ్లి తేదీ. ఆధార్ కార్డు జిరాక్సు పది చోట్ల ఇచ్చి ఉంటాం, దాని మీద పుట్టిన తేదీ ఉంటుంది.
3. సొంత ఫోను నంబరులో చివరి నాలుగంకెలు, బండి నంబరు.
4. సర్వే నంబరు, పాసు పుస్తకం నంబరు. ఊళ్లో ఎవరి చెలక ఏ సర్వే నంబరులో ఉందో అందరికీ తెలుసు.

మరి ఏ నంబరు పెట్టాలి? దీనికి ఒక తేలిక పద్ధతి ఉంది. సున్నా నుంచి తొమ్మిది దాకా పది చిట్టీలు రాసి గ్లాసులో వేయండి. కలిపి ఒకటి తీయండి, అంకె చూసుకొని మళ్లీ అందులోనే వేయండి. మళ్లీ కలిపి తీయండి. ఇట్లా నాలుగుసార్లు తీస్తే ఏటీఎం పిన్, ఆరుసార్లు తీస్తే ఆరంకెల యూపీఐ పిన్ వస్తుంది. పైన చెప్పిన వరుస నంబరేదైనా వస్తే వదిలేసి మళ్లీ తీయాలి. మీ మనసులోంచి రాని నంబరు కాబట్టి మిమ్మల్ని ఎరిగినవాడు కూడా ఊహించలేడు. వారం రోజులు రోజుకోసారి మనసులో అనుకుంటే గుర్తుండిపోతుంది.

చదువు రానివాళ్లు కూడా పిన్ సొంతంగా నొక్కుకోవచ్చు. ఏటీఎం మీద అంకెల వరుస, బటన్ ఫోను మీది వరుస ఒకటే. పై వరుసలో 1, 2, 3, కింద నడుమ సున్నా. 5 అంకె మీద వేలికి తగిలే చిన్న బొడిపె ఉంటుంది. ఇంట్లో బటన్ ఫోను మీద పదిసార్లు నొక్కి అలవాటు చేసుకుంటే, అంకె చదవకున్నా వేలికి దారి తెలుస్తుంది. నొక్కేటప్పుడు రెండో చేయి అడ్డం పెట్టుకోవాలి.

పాస్‌వర్డ్ పొడుగ్గా ఉండాలి

జీమెయిల్, యూఏఎన్ వంటి వాటికి అంకెలు చాలవు, పాస్‌వర్డ్ కావాలి. పాస్‌వర్డ్ అంటే చదవడానికి రాని వంకర అక్షరాలు ఉండాలని, మూడు నెలలకోసారి మార్చాలని మొదట్లో చెప్పేవారు. ఆ మాటను ఇప్పుడు సవరించారు. అమెరికా ప్రభుత్వానికి ప్రమాణాలు రాసే సంస్థ నిస్ట్ 2017లో ఇచ్చిన సూచనల ప్రకారం పాస్‌వర్డుకు పొడుగే బలం. ఊరికే గడువు పెట్టి మార్పించడం వల్ల లాభం లేదు. పదే పదే మార్చమంటే జనం చివర ఒక అంకె మార్చి ఊరుకుంటారు గనుక. బయటపడిందని అనుమానం వచ్చినప్పుడు మాత్రం వెంటనే మార్చాలి.

ఒకదానికొకటి సంబంధం లేని మూడు నాలుగు తెలుగు మాటలు కలిపి, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. ఎర్రకోడి, ఏడుబిందెలు, చింతనీడ అనేవి కలిపితే ఎంత పొడుగు వస్తుందో చూడండి. కంప్యూటరుకు చిక్కదు, మీకు మరుపు రాదు. పెద్ద అక్షరం, అంకె, గుర్తు కావాలని అడిగితే మొదటి అక్షరం పెద్దది చేసి, చివర ఒక అంకె, ఒక గుర్తు పెట్టండి. పేపర్లో అచ్చయిన ఈ మాటలనే మాత్రం వాడొద్దు, మీ సొంత మాటలు కలుపుకోవాలి. దేవుడి పేరు పక్కన 123, కొడుకు పేరు పక్కన పుట్టిన సంవత్సరం వంటివి పనికిరావు.

అన్నింటిలోకి జీమెయిల్ పాస్‌వర్డ్ ముఖ్యమైనది. ఫోను కొన్నప్పుడు దుకాణంలోనే జీమెయిల్ తెరిచి, తమకు తోచిన పాస్‌వర్డ్ పెట్టి ఇస్తుంటారు. అది రైతుకు తెలియదు. రేపు ఫోను చెడిపోయి మొత్తం చెరిపి మళ్లీ తెరవాల్సి వస్తే పాత జీమెయిల్, పాస్‌వర్డ్ అడుగుతుంది. అవి లేకపోతే సొంత ఫోనే తెరుచుకోదు. పైగా మిగతా పాస్‌వర్డులు మరిచిపోతే కొత్తవి పెట్టుకునే దారి చాలావరకు ఈ మెయిల్ గుండానే ఉంటుంది. అది ఇతరుల చేతిలో ఉంటే వాళ్లకూ ఆ దారి ఉన్నట్టే. ఫోను సెట్టింగుల్లో గూగుల్ అన్నచోట కొత్త పాస్‌వర్డ్ పెట్టుకొని, రెండంచెల భద్రత కూడా వేసుకోవాలి. వాట్సాప్‌లోనూ ఇలాంటి ఆరంకెల పిన్ పెట్టుకునే వీలుంది.

రాసిపెట్టుకోవచ్చా?

పాస్‌వర్డులను కాగితం మీద రాసి, పట్టా కాగితాలు ఉండే పెట్టెలో పెట్టి తాళం వేసుకోవడంలో తప్పులేదు. అన్నింటికీ ఒకటే పెట్టుకోవడం కన్నా వేర్వేరుగా పెట్టి రాసుకోవడం మేలు. అయితే ఏటీఎం పిన్, యూపీఐ పిన్ రాయకుండా గుర్తుంచుకోవాలి. కార్డు కవరు మీద, బ్యాంకు పాసు పుస్తకం అట్ట వెనుక, ఫోను కవరు లోపల పిన్ రాసి పెట్టడం అంటే తాళానికే చెవిని వేలాడదీసినట్టు. ఫోనులో ఫొటో తీసి పెట్టుకోవడమూ అంతే.

సాయం తీసుకోవాలి, చెవి ఇవ్వరాదు

"పిన్ ఎవరికీ చెప్పొద్దు" అని బ్యాంకులో బోర్డు ఉంటుంది. ఊళ్లో అది నడవడం కష్టం. కండ్లు ఆనని పెద్దమనిషి, ఇంగ్లీషు రాని ఇల్లాలు ఎవరినో ఒకరిని అడగకుండా ఎట్లా తీస్తారు? సాయం అడగడం తప్పు కాదు. ఎంతవరకు సాయం, ఎక్కడ మన చేయి అన్నది తెలియాలి.

కార్డు పెట్టడం, భాష ఎంచుకోవడం, ఎంత మొత్తమో కొట్టడం ఇతరులు చేసిపెట్టొచ్చు. పిన్ మాత్రం మీ వేలితోనే నొక్కాలి. ఆ క్షణం పక్కవాళ్లను అటు తిరగమనడానికి మొహమాటం అక్కర్లేదు. మీది ఏటీఎం కార్డు అయితే డబ్బుతో పాటు కార్డును కూడా వెనక్కి తీసుకొని, మీ పేరు ఉందో లేదో చూసుకోవాలి. సాయం చేసినట్టే చేసి, అలాంటిదే వేరే కార్డు చేతిలో పెట్టి పోయే దొంగలు ఉన్నారు.

తప్పనిసరై ఎవరికైనా పిన్ చెప్పాల్సి వచ్చిందా? ఆ పని అయిపోగానే, అదే రోజు మార్చేయండి. ఏటీఎం పిన్‌ను మీ బ్యాంకు ఏటీఎంలోనే మార్చుకోవచ్చు. యూపీఐ పిన్ మార్చడానికి ఆ యాప్‌లో బ్యాంకు ఖాతా పేరు నొక్కితే దారి చూపిస్తుంది. ఇది ఎదుటి మనిషిని అనుమానించడం కాదు. జీతగాడు మారితే కొట్టం తాళం మారుస్తామా లేదా, అలాంటిదే.

కొందరు "రేపు నాకేమన్నా అయితే ఇంట్లోవాళ్లకు తెలియొద్దా?" అని పిన్ అందరికీ చెప్పి పెడతారు. దానికి సరైన దారి నామినీ. బ్యాంకులో నామినీ పేరు రాయిస్తే ఖాతాదారు తర్వాత ఆ డబ్బు నామినీకి అందుతుంది, పిన్‌తో పనే లేదు. 2025 నవంబరు 1 నుంచి ఒక ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకునే వీలు కల్పించారు. ఆడవాళ్ల పేరు మీద ఉన్న ఖాతా పిన్ ఆ ఇల్లాలికే తెలిసి ఉండాలి. కార్డు ఆమె పేరున, పిన్ మరొకరి జేబులో ఉంటే ఖాతా ఆమెది కానట్టే.

ఓటీపీ ఎప్పుడు చెప్పాలి, ఎప్పుడు చెప్పరాదు

ఓటీపీ ఒక్కసారికి పనిచేసే తాళంచెవి. ఎవరికీ చెప్పవద్దంటారు గాని, రైతుకు చెప్పాల్సిన సందర్భాలు నిజంగానే ఉన్నాయి. 2025 మే నెలలో రైతు గుర్తింపు సంఖ్య నమోదు మొదలైనప్పుడు వ్యవసాయ విస్తరణ అధికారి ముందు కూర్చొని, ఆధార్, పాసు పుస్తకం చూపి, ఫోనుకు వచ్చిన ఓటీపీ చెప్పాల్సి వచ్చింది. మీ సేవలో ఈకేవైసీ చేయించినా ఇంతే. మరి తేడా ఎట్లా తెలుసుకోవాలి? మూడు ప్రశ్నలు వేసుకోండి.

మొదటిది: ఈ పని కోసం నేనే పోయానా, వాళ్లే ఫోను చేశారా? మీరే ఆఫీసుకు పోయి, మనిషి ఎదురుగా ఉండి, మీ కళ్ల ముందు పని జరుగుతుంటే సరే. ఫోనులో అడిగితే ఎవరైనా సరే చెప్పరాదు. బ్యాంకు మేనేజరునన్నా, వ్యవసాయాఫీసు నుంచన్నా, పోలీసునన్నా అంతే.

రెండోది: మెసేజీలో ఏం రాసి ఉంది? ఓటీపీ వచ్చే మెసేజీలోనే అది దేనికో ఉంటుంది. ఆధార్ ధ్రువీకరణకా, ఇన్ని రూపాయలు తీయడానికా అని. చదువు రాకపోతే బడి పిల్లలతో చదివించుకోండి. పీఎం కిసాన్ పని అని చెప్పి, మెసేజీలో బ్యాంకు పేరు, రూపాయలు ఉంటే అక్కడే ఆగాలి.

మూడోది: ఒక్క పనికి ఎన్నిసార్లు అడుగుతున్నారు? "రాలేదు, మళ్లీ చెప్పు" అంటే ప్రతిసారీ కొత్త మెసేజీ చదివాకే చెప్పాలి.

యూపీఐ విషయంలో ఒక్క సూత్రం గుర్తుంటే చాలు. డబ్బులు ఇవ్వడానికే పిన్, పుచ్చుకోవడానికి పిన్ అక్కర్లేదు. బర్రెను గాని, పాత ట్రాక్టరును గాని కొంటామని ఫోనులోనే బేరమాడి, "ముందు బయానా పంపుతున్నా, ఈ గీతల బొమ్మ స్కాన్ చేసి పిన్ కొట్టు" అనేవాడు దొంగే. పిన్ కొట్టిన క్షణం డబ్బు మీ ఖాతా నుంచే పోతుంది.

మీ నంబరు మీదేనా?

ఇప్పుడు సగం తాళాలకు ఫోను నంబరే చెవి. కాబట్టి ఆధార్‌కు, బ్యాంకుకు, పాసు పుస్తకానికి ఏ నంబరు ఇచ్చి ఉందో తెలుసుకోవడం మొదటి పని. ఎప్పుడో ఆధార్ దిగినప్పుడు ఫోను లేక సెంటరు అతని నంబరో, చుట్టం నంబరో ఇచ్చినవాళ్లు ఉన్నారు. ఓటీపీలన్నీ ఆ నంబరుకే పోతాయి. పత్తి స్లాటు వేళకు ఓటీపీ ఎటు పోయిందో తెలియక తిరగాల్సి వస్తుంది, అది చిన్న నష్టం. ఖాతా తాళం పరాయి ఫోనులో ఉండడం పెద్ద నష్టం.

రీఛార్జి చేయక వదిలేసిన నంబరుతోనూ ఇదే చిక్కు. 90 రోజులు వాడకుండా ఉన్న నంబరు రద్దు కావచ్చు. ఆ తర్వాత కొంతకాలానికి కంపెనీ దాన్ని వేరొకరికి ఇస్తుంది. అప్పుడు మీ బ్యాంకు మెసేజీలు ఊరు పేరు తెలియని మనిషికి పోతాయి. నంబరు మారిస్తే ముందు బ్యాంకులో, ఆధార్ కేంద్రంలో మార్పించాకే పాతది వదలాలి. మీ పేరు మీద ఎన్ని సిమ్ములు ఉన్నాయో కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీలో చూసుకోవచ్చు. మీకు తెలియనిది ఉంటే అక్కడే ఫిర్యాదు చేయొచ్చు.

వేలిముద్ర మార్చుకోలేని తాళంచెవి

పిన్ పోతే మార్చుకోవచ్చు. బొటనవేలు పోతే మార్చుకోలేం. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో బయటపడిన సంగతి రైతులంతా తెలుసుకోదగినది. అక్కడి సిమ్ కార్డుల వ్యాపారి ఒకరు, భూముల రిజిస్ట్రేషను దస్తావేజుల్లో ఉన్న వేలిముద్రలను ఇంటర్నెట్ నుంచి దించుకొని, రబ్బరు స్టాంపు తయారుచేసినట్టే వేలి అచ్చులు చేయించాడు. వాటితో జనం పేర్ల మీద వేల సిమ్ములు తెరిచాడని పోలీసులు పట్టుకున్నారు. 2022లో కడప జిల్లా వాళ్లు ఇదే తీరులో దస్తావేజుల ముద్రలతో ఖాతాల నుంచి డబ్బులే తీస్తే సైబరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. భూమి అమ్మకాలు, కొనుగోళ్లు జోరుగా సాగే సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతంలో దస్తావేజు మీద వేలు పెట్టని ఇల్లు అరుదు.

దీనికి ఆధార్ సంస్థ ఒక గడియ పెట్టింది. ఆధార్ వెబ్‌సైటులో గాని, ఆధార్ యాప్‌లో గాని బయోమెట్రిక్ లాక్ వేసుకుంటే మీ వేలిముద్రతో ఎవరూ ఏ పనీ చేయలేరు. ఒక్క సంగతి మరువరాదు. లాక్ వేసి ఉంటే రేషన్ దుకాణంలో, పింఛను దగ్గర మీ వేలు కూడా పనిచేయదు. ఆ పని ఉన్నప్పుడు లాక్ తీసి, తర్వాత మళ్లీ వేసుకోవాలి. ఇందుకూ ఆధార్‌కు మీ సొంత ఫోను నంబరు ఉండాల్సిందే. ఆధార్ సందేహాలకు 1947 నంబరుకు ఫోను చేయవచ్చు.

ఊళ్లో వేలిముద్ర పెట్టి డబ్బులు తీసుకునేటప్పుడు మిషన్ మీద ఎంత మొత్తం కొట్టారో చూశాకే వేలు పెట్టండి. రసీదు అడిగి తీసుకోండి. "పడలేదు, మళ్లీ పెట్టు" అంటే ఫెయిల్ అయినట్టు చీటీ ఇవ్వమనాలి. చీటీ లేకుండా రెండోసారి వేలు పెట్టరాదు.

విత్తనాలు వేరే, తిండిగింజలు వేరే

విత్తనపు గింజలను తిండిగింజల గుమ్మిలో కలపం. డబ్బుకూ ఇదే పద్ధతి పాటించాలి. పత్తి మొత్తం అమ్మిన డబ్బు, భూమి అమ్మిన డబ్బు, రోడ్డుకో ఫ్యాక్టరీకో పోయిన భూమికి వచ్చిన పరిహారం వంటివి రోజూ ఫోనుతో వాడే ఖాతాలో ఉంచొద్దు. వాటిని డిపాజిటు చేయండి, లేదా యూపీఐ గాని ఏటీఎం కార్డు గాని లేని వేరే ఖాతాలో ఉంచండి. చిల్లర ఖర్చుల ఖాతాలో నాలుగు వేలో ఐదు వేలో ఉంటే, ఏదైనా పొరపాటు జరిగినా పోయేది అంతవరకే.

ఎంత గట్టి పాస్‌వర్డ్ పెట్టినా ఫోనులోకే దొంగను రానిస్తే లాభం లేదు. 2024 జులై, ఆగస్టుల్లో రూ.2 లక్షల దాకా పంట రుణాల మాఫీ జరిగినప్పుడు, బ్యాంకు గుర్తు పెట్టుకొని వాట్సాప్‌లో పంపే ఏపీకే ఫైళ్లను తెరవొద్దని పోలీసులు హెచ్చరించాల్సి వచ్చింది. పీఎం కిసాన్ పేరుతోనూ ఇలాంటివి తిరుగుతున్నాయి. ఆ ఫైలు నొక్కితే ఫోనులోకి దిగి, వచ్చే మెసేజీలన్నీ దొంగకు చేరవేస్తుంది. ఇక ఓటీపీ అతను అడగాల్సిన పని కూడా లేదు. సర్కారు పథకమేదీ వాట్సాప్ ఫైలుగా రాదు. యాప్‌ను ప్లేస్టోర్ నుంచే, అదీ తెలిసినవారి ఎదుట వేసుకోవాలి. ఫోను తెరను దూరం నుంచి చూసే యాప్ వేసుకోమని ఎవరన్నా అంటే ఒప్పుకోరాదు.

పోయాక ఏం చేయాలి?

డబ్బు పోయిందని తెలియగానే 1930కి ఫోను చేయాలి. ఇది దేశమంతటికీ సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు. దొంగ ఆ డబ్బును ఖాతా నుంచి ఖాతాకు మార్చుకుంటూ పోతాడు. మధ్యలోనే ఆపించాలంటే తొలి గంట, రెండు గంటలు విలువైనవి. వెంటనే బ్యాంకుకు కూడా చెప్పి కార్డు, యూపీఐ ఆపించాలి. ఫిర్యాదు నంబరు రాసుకోవాలి. ఫోనే పోతే మొదట బ్యాంకు, తర్వాత సిమ్ము ఆపించడం, ఆ తర్వాత సంచార్ సాథీలో ఫోను బ్లాకు చేయించడం, పోలీసు ఫిర్యాదు. ఈ వరుస పాటించాలి.

సిగ్గుపడి నాలుగు రోజులు దాచుకోవడం వల్ల నష్టం పెరుగుతుంది. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఆదేశాల్లో దీనికి లెక్క ఉంది. తప్పు బ్యాంకుదీ కాదు, ఖాతాదారుదీ కాదు, ఎవరో బయటివాడు దోచాడు అనుకోండి. బ్యాంకు కబురు అందిన మూడు పని దినాల్లో ఫిర్యాదు చేస్తే ఖాతాదారుకు నష్టం ఉండకూడదు. నాలుగు నుంచి ఏడు పని దినాల్లో చెబితే, ప్రాథమిక పొదుపు ఖాతాలకు రూ.5,000, మామూలు పొదుపు ఖాతాలకు రూ.10,000 మించి ఖాతాదారు మీద పడరాదు. కాని ఖాతాదారే పిన్, ఓటీపీ చెప్పి ఉంటే, బ్యాంకుకు చెప్పేదాకా పోయిన డబ్బంతా అతనిదే. చెప్పిన తర్వాత పోయింది బ్యాంకుది. అందుకే పొరపాటున పిన్ చెప్పినవాళ్లే అందరికన్నా తొందరగా ఫిర్యాదు చేయాలి.

ఈ వారం చేయాల్సిన పనులు

• ఇంట్లో ఎవరి పేరున ఏ ఖాతా, దానికి ఏ ఫోను నంబరు ఉందో ఒక కాగితం మీద రాయండి. పిన్‌లు మాత్రం అందులో రాయొద్దు.
• మీ పిన్ తెలిసినవాళ్లు ఎవరెవరో గుర్తు తెచ్చుకోండి. ఒక్కరున్నా చిట్టీలు తీసి కొత్తది పెట్టుకోండి.
• జీమెయిల్ పాస్‌వర్డ్ మీకు తెలియకపోతే కొత్తది పెట్టుకొని రాసి పెట్టెలో దాచండి.
• పరాయి ఫోను నంబరు ఆధార్‌కు గాని, బ్యాంకుకు గాని ఉంటే పంట అమ్మకాల వేళ వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే మార్పించండి.
• ఖాతాకు నామినీ ఉన్నారో లేదో బ్యాంకులో అడగండి.
• 1930 నంబరును ఇంటి గోడ మీద, కరెంటు లైన్‌మన్ నంబరు పక్కన పెద్ద అంకెలతో రాసిపెట్టండి. అవసరం పడ్డప్పుడు వెతుక్కునే పని ఉండదు.